సున్నా వేరు, మౌనం వేరు

సంపాదకులకు నమస్కారం.

అత్యవసర పరిస్థితుల కోసం కడుతున్న కమాండ్ కంట్రోల్ సెంటర్ల గురించి ఈమధ్య మీ పత్రికలో వచ్చిన కథనం రెండుసార్లు చదివాను. గోడ నిండా తెరలు, వేల సెన్సర్లు, క్షణక్షణం అందే సమాచారం, దాన్నిబట్టి అప్పటికప్పుడు నిర్ణయాలు అని రాశారు. మంచి విషయమే. అలాంటి తెరల ముందు 26 ఏళ్లు కూర్చున్నవాణ్ని కాబట్టి, ఆ కథనంలో రాని ఒక మాట చెప్పాలనిపించింది. తెర మీద ఒక అంకె వెలుగుతోందంటే అది ఇప్పటి అంకె అని నమ్మకం లేదు. అది ఎప్పటిదో చెప్పకుండా చూపించే తెర కన్నా అసలు తెర లేకపోవడమే నయం. తెర లేకపోతే కనీసం మనిషిని పంపి చూసి రమ్మంటాం.

నేను రసాయనాలు నిల్వచేసే ఒక చోట కంట్రోల్ రూమ్ షిఫ్ట్ ఇన్‌ఛార్జ్‌గా చేసి రిటైరయ్యాను. ఒక నైట్ షిఫ్టులో జరిగింది చెబుతాను. ఒక ట్యాంకులోకి సాల్వెంట్ ఎక్కిస్తున్నాం. పంపు నడుస్తోంది. రెండు గంటలకు లాగ్‌బుక్‌లో లెవెల్ 62.4 శాతం అని నా చేత్తోనే రాశాను. ఆ తర్వాత ఇంకో ట్యాంకు దగ్గర వాల్వు ఒకటి మొరాయిస్తే ఆ పనిలో పడ్డాను. అయినా మధ్యమధ్యలో దీనివైపు చూస్తూనే ఉన్నాను. చూసిన ప్రతిసారీ 62.4, ఆకుపచ్చ రంగులో. ఇంకా చాలా ఖాళీ ఉందిలే అనుకున్నాను.

రెండూ యాభై అయిదుకి, బయట రౌండ్స్‌లో ఉన్న కుర్రాడు రేడియోలో పిలిచాడు. "సార్, ట్యాంకుకి చెమట గీత బాగా పైకి వచ్చింది. మీ దగ్గర ఎంత చూపిస్తోంది?" అన్నాడు. లోపల చల్లటి ద్రవం ఉంటే, అది ఎంత ఎత్తు ఉందో అంత మేరా ట్యాంకు బయటి గోడకు తేమ పడుతుంది. టార్చి వేస్తే గీత గీసినట్టు తెలుస్తుంది. ట్యాంకుల మధ్య తిరిగేవాళ్లందరికీ తెలిసిన గుర్తే అది. 62 అన్నాను. "ఇది 62 కాదు సార్" అన్నాడు.

ఆ తర్వాత నేను చేసింది తలచుకుంటే ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది. పంపు ఆపలేదు. ఇంకోసారి చూడమన్నాను. టార్చి సరిగ్గా వేసి చూడమన్నాను. పక్క ట్యాంకును చూసి పొరబడ్డావేమో అన్నాను. అలా 11 నిమిషాలు గడిచాయి. చివరికి ఆ ట్యాంకు ట్రెండ్, అంటే లెవెల్ ఎలా మారుతూ వచ్చిందో చూపే గ్రాఫ్, తెరిచి చూస్తే ఒకటీ యాభై నుంచి గీత నిలువునా కాదు, ఏటవాలుగా కాదు, స్కేలు పెట్టి గీసినట్టు అడ్డంగా ఉంది. పంపు నడుస్తున్న ట్యాంకులో అది జరగని పని. వెంటనే ఆపాం. టేపు దించి కొలిస్తే 89 శాతం. 85 దగ్గర మోగాల్సిన అలారం మోగలేదు. ఎలా మోగుతుంది? అది చూసేది కూడా ఆ 62.4నే. ఇంకో అరగంట అలాగే వదిలేస్తే పైనుంచి పొంగేది. ఆ కుర్రాడు ఆ ట్యాంకు కిందే నిలబడి ఉన్నాడు.

తర్వాత తెలిసింది ఏమిటంటే, ట్యాంకు మీద లెవెల్ కొలిచి పంపే ట్రాన్స్‌మిటర్ బాగానే ఉంది, వైరూ బాగానే ఉంది. డేటాను తెర దాకా మోసుకొచ్చే గేట్‌వే మధ్యలో బిగుసుకుపోయింది. తెర తనకు చివరిసారిగా అందిన అంకెనే పట్టుకుని కూర్చుంది. మేనేజ్‌మెంట్ వాళ్లు గేట్‌వేని రీస్టార్ట్ చేయించి, సిబ్బంది అప్రమత్తత వల్ల ముప్పు తప్పిందని రిపోర్టు రాసి ఫైలు మూసేశారు. తెర మాత్రం ఎప్పటిలాగే ఉంది. కుర్రాడి ప్రస్తావన ఆ రిపోర్టులో లేదు. నా 11 నిమిషాల ప్రస్తావన కూడా లేదు.

సెన్సర్లతో పనిచేసే ప్రతి ఒక్కరికీ నేను మొదట చెప్పేది ఇదే. నిజమైన అంకె కుదురుగా ఉండదు. 62.4 అంటే కాసేపు 62.3, కాసేపు 62.5 అవుతూ ఉంటుంది. ద్రవం కదులుతుంది, పంపు అదురుతుంది, కరెంటులో చిన్న చిన్న తేడాలుంటాయి. ఆఖరి అంకె అలా వణుకుతోందంటే అవతల పరికరం బతికి ఉన్నట్టు. కదలకుండా ఉన్న అంకెను చూసి స్థిమితపడకూడదు, అనుమానపడాలి. ఈ మాట ట్రైనింగ్‌లో నాకెవరూ చెప్పలేదు.

బ్రిటన్‌లో బన్స్‌ఫీల్డ్ అనే చోట 2005 డిసెంబర్ 11న జరిగింది చదివినప్పుడు నా ఒళ్లు జలదరించింది. అక్కడ ఒక ట్యాంకులోకి పెట్రోల్ ఎక్కిస్తున్నారు. తెల్లవారుజామున మూడు గంటల ప్రాంతంలో లెవెల్ గేజ్ ఒక అంకె దగ్గర ఆగిపోయింది. పెట్రోల్ మాత్రం వస్తూనే ఉంది. ట్యాంకు నిండి, పొంగి, ఆవిరి మేఘంలా కమ్ముకుని ఉదయం 6:01కి పేలింది. 20కి పైగా ట్యాంకులు తగలబడ్డాయి, 43 మందికి గాయాలయ్యాయి. ఆదివారం తెల్లవారుజాము కావడంతో ప్రాణనష్టం తప్పింది. అంతకుముందు ఆగస్టు 31 నుంచి ఆ రోజు దాకా అదే గేజ్ 14 సార్లు ఇరుక్కుపోయిందని దర్యాప్తులో తేలింది. దానికి తోడుగా, ట్యాంకు మరీ నిండితే పెట్రోల్ రాకుండా ఆపేందుకు విడిగా పెట్టిన హై లెవెల్ స్విచ్ ఒకటుంది. దాన్ని పరీక్షించే మీటను మళ్లీ సరైన స్థానంలో నిలిపి ఉంచడానికి ఒక చిన్న తాళం వేయాలి. ఆ తాళం ఎవరూ తాకకుండా వేసేదే అనుకున్నారు తప్ప, అది లేకపోతే స్విచ్ పనిచేయదని అక్కడివాళ్లకు తెలియలేదు. అది వేయలేదు. రెండు రక్షణలూ పోయాయని తెర చెప్పలేదు.

పాత తరం ఇన్‌స్ట్రుమెంట్ ఇంజనీర్లు ఈ విషయంలో మనకంటే ఎంతో ముందుచూపుతో ఉన్నారు. పరిశ్రమల్లో సెన్సర్ నుంచి వచ్చే సిగ్నల్‌ను 4 నుంచి 20 మిల్లీ ఆంపియర్ల మధ్య పంపుతారు. ట్యాంకు ఖాళీగా ఉంటే 4, నిండితే 20. మరి సున్నా నుంచి ఎందుకు మొదలుపెట్టలేదు? సున్నా నుంచి మొదలుపెడితే, ట్యాంకు ఖాళీ అయినా వైరు తెగినా ఒకేలా కనిపిస్తుంది. ఇప్పుడైతే కరెంటు 3.6 కంటే కిందికి పడిందంటే అది కొలత కాదు, లోపం అని ఇట్టే తెలిసిపోతుంది. "ఏమీ లేదు" అనడం వేరు, మాటే రాకపోవడం వేరు. ఆ తేడాను వాళ్లు ఆ రెండు తీగల్లోనే పెట్టారు. ఆస్పత్రిలో ఈసీజీ మానిటర్ కూడా ఇదే పద్ధతి పాటిస్తుంది. ఛాతీ మీది వైరు ఊడితే వైరు ఊడిందని విడిగా చెబుతుంది. మా అమ్మ ఐసీయూలో ఉన్నప్పుడు మానిటర్ మోగితే, నర్సు ముందు అమ్మ ముఖం చూసింది, తర్వాత వైర్లు చూసింది, ఆ తర్వాతే తెర చూసింది. ఆ వరస నేను మరిచిపోలేను.

ఇప్పుడు ఆ తీగల తర్వాత గేట్‌వేలు, సర్వర్లు, క్లౌడ్, యాప్‌లు వచ్చాయి. ప్రతి మజిలీలోనూ "చివరగా అందిన అంకెను నిలిపి ఉంచు" అనే అలవాటు ఒకటి ఉంటుంది. తెర ఖాళీగా కనిపిస్తే బాగుండదని అలా చేస్తారు. పాతవాళ్లు కష్టపడి తీగలో పెట్టిన నిజాయితీ అక్కడ పోతోంది.

గ్యాస్ డిటెక్టర్ల విషయంలో ఇది మరీ ఘోరం. మండే గ్యాస్‌ను పసిగట్టే పాతరకం డిటెక్టర్‌లో వేడెక్కే చిన్న పూస ఒకటుంటుంది. గ్యాస్ దాని మీద మండితే వేడి పెరిగి అంకె చూపిస్తుంది. ఆ పూసకు సిలికాన్ ఆవిరి తగిలిందంటే చచ్చుబడిపోతుంది. కరెంటు వెళుతూనే ఉంటుంది, సిగ్నల్ వస్తూనే ఉంటుంది, తెర మీద హాయిగా సున్నా. ఆ సున్నాకు గాలి శుభ్రంగా ఉందనీ అర్థం కావచ్చు, పూస చచ్చిందనీ అర్థం కావచ్చు. ఇంకో చిక్కు కూడా ఉంది. చుట్టూ గ్యాస్ మరీ ఎక్కువై ఆక్సిజన్ చాలకపోతే పూస మీద మంట తగ్గిపోతుంది, అంకె కూడా కిందికి దిగుతుంది. అంటే ప్రమాదం ఎక్కడ ఎక్కువగా ఉందో అక్కడే తక్కువ చూపించే వీలుంది. అందుకే తెలిసిన గ్యాస్‌ను కొంచెం దాని మీద వదిలి, స్పందిస్తుందో లేదో చూసే బంప్ టెస్ట్ తప్పనిసరి. మేము దాన్ని పనులన్నీ అయ్యాక తీరికున్నప్పుడు చేసేవాళ్లం. అది మా తప్పు. డిటెక్టర్ ఎన్ని పెట్టారని అడిగేవాళ్లు, చివరి బంప్ టెస్ట్ ఎప్పుడు చేశారని కూడా అడగాలి.

సెన్సర్ సరిగ్గానే పనిచేస్తున్నా, అది దేన్ని కొలుస్తోందో తెలియకపోతే మళ్లీ అదే కథ. అమెరికాలోని త్రీ మైల్ ఐలాండ్ అణువిద్యుత్ కేంద్రంలో 1979 మార్చి 28న ఒత్తిడి పెరిగితే తెరుచుకునే ఒక రిలీఫ్ వాల్వు తెరుచుకుని మళ్లీ మూసుకోలేదు. కంట్రోల్ రూమ్‌లో లైటు మాత్రం ఆరిపోయింది. ఆపరేటర్లు వాల్వు మూసుకుందనే అనుకున్నారు. నిజానికి ఆ లైటుకు వాల్వుతో సంబంధం లేదు. మూసుకోమని ఆజ్ఞ వెళ్లిందా లేదా అన్నదే దానికి తెలుసు. రెండు గంటలకు పైగా ఆ వాల్వు గుండా నీరు పోతూనే ఉంది, రియాక్టర్ లోపలి ఇంధనం కొంత కరిగిపోయింది. 2020 మే 7న విశాఖపట్నంలో స్టైరీన్ ఆవిరి బయటికొచ్చి 12 మంది చనిపోయిన ప్రమాదంలోనూ, ఆ ట్యాంకు ఉష్ణోగ్రతను అడుగు భాగంలోనే కొలిచేవారని దర్యాప్తు కమిటీ చెప్పింది. అడుగున ఉన్న మీటరు అడుగు సంగతే చెబుతుంది. పైపొరలు వేడెక్కుతున్న సంగతి దానికేం తెలుసు? ఆ వార్త చదివాక నేను పనిచేసిన ట్యాంకులన్నీ ఒక్కొక్కటే కళ్లముందుకు తెచ్చుకుని, దేనికి మీటరు ఎక్కడుందో గుర్తుచేసుకుంటూ ఆ రాత్రి నిద్రపోలేదు.

సెన్సర్లు ఎక్కువ పెడితే సరిపోతుందనేవాళ్లకు బ్రిటన్‌లోనే మిల్‌ఫర్డ్ హేవెన్ రిఫైనరీ సంగతి చెబుతాను. 1994 జూలై 24న పేలుడుకు ముందు చివరి 11 నిమిషాల్లో ఇద్దరు ఆపరేటర్ల ముందు 275 అలారాలు వచ్చాయి. నిమిషానికి 25. ఒక్కొక్కటి చదివి, అర్థం చేసుకుని, ఏదో ఒకటి చేయడానికి రెండు సెకన్లకు కొంచెం పైన. అక్కడ కూడా మూసుకుపోయిన ఒక వాల్వును తెర తెరిచి ఉన్నట్టే చూపించింది. మామూలు రోజుల్లో ఒక ఆపరేటర్‌కు పది నిమిషాలకు ఒక అలారం మించకపోవడం మంచిదని పరిశ్రమల్లో వాడే మార్గదర్శకాలు చెబుతాయి. నేను చూసిన షిఫ్టుల్లో ఆ లెక్క ఎన్నడూ లేదు. అలారం మోగగానే చెయ్యి దానంతటదే వెళ్లి బటన్ నొక్కేసేది. చెవికి వినిపించేది, మనసుకు ఎక్కేది కాదు.

మైకా ఎండ్‌స్లీ అనే పరిశోధకురాలు 1995లో పరిస్థితి మీద అవగాహన అనేదాన్ని మూడు మెట్లుగా చెప్పారు. ఏముందో చూడటం, దాని అర్థం తెలుసుకోవడం, కాసేపటికి ఏమవుతుందో ఊహించడం. సెన్సర్ ఎంత గొప్పదైనా మొదటి మెట్టు దగ్గరే ఆగుతుంది. నాకు ఆ రాత్రి మొదటి మెట్టే తప్పింది. కుర్రాడు మూడు మెట్లూ ఎక్కేశాడు. చెమట గీత చూశాడు, తెరకూ దానికీ పొంతన లేదని గ్రహించాడు, పొంగుతుందని భయపడ్డాడు. చేతిలో ఉన్నది టార్చి, రేడియో మాత్రమే.

ఇక జపాన్ సంగతి. ఈ ఉత్తరం రాయడానికి అసలు కారణం అదే. 2011 మార్చి 11 మధ్యాహ్నం 2:46కి భూకంపం వచ్చింది. మూడే నిమిషాల్లో, 2:49కి సునామీ హెచ్చరిక ఇచ్చారు. ప్రపంచంలో అంత చురుకైన వ్యవస్థ మరొకటి అరుదు. కానీ ఆ మూడు నిమిషాల్లో లెక్కగట్టిన తీవ్రత 7.9. అసలు తీవ్రత 9.0. దాంతో మొదటి హెచ్చరికలో తీరప్రాంతాలైన మియాగికి 6 మీటర్లు, ఇవాతే, ఫుకుషిమాలకు 3 మీటర్ల అల వస్తుందని చెప్పారు. 3:14కి సవరించి మియాగికి 10 మీటర్లకు పైన, మిగతా రెండింటికీ 6 మీటర్లు అన్నారు. అప్పటికే చాలాచోట్ల కరెంటు పోయింది. సవరించిన అంకె చాలామందికి అందలేదు. 3 మీటర్లే కదా, గట్టు ఆపుతుందని ఆగిపోయినవాళ్లు ఉన్నారు. అంకె తప్పయింది, నిజమే. అంతకన్నా పెద్ద నష్టం, అది తొందరలో వేసిన లెక్క అన్న సంగతి అంకెతో పాటు జనానికి చేరకపోవడం. "3 మీటర్లు" అని వింటే ఎవరో కొలిచి చెప్పినట్టే ఉంటుంది.

జపాన్ వాతావరణ సంస్థ దాన్ని మరుగున పెట్టలేదు. 2013 మార్చి నుంచి పద్ధతి మార్చింది. తీవ్రత 8 దాటేంత పెద్ద భూకంపమై, లెక్క ఇంకా తేలనప్పుడు మొదటి హెచ్చరికలో మీటర్లు చెప్పదు. "భారీ" అని మాటల్లోనే చెబుతుంది. కొలత మీద నమ్మకం కుదిరాకే అంకె వస్తుంది. నాకు తెలిసి అత్యవసర సమాచారంలో ఇంతకన్నా మనిషిని గౌరవించిన మార్పు లేదు. ఆ రోజు ఇవాతేలోని మియాకో తీరంలో అల ఎత్తును ఆ సంస్థ ఎలా నమోదు చేసిందో కూడా చూడండి: "8.5 మీటర్లు లేదా అంతకుమించి." కొలత అక్కడితో తెగిపోయింది కాబట్టి, ఆ పైన ఎంతుందో పరికరం చూడలేదు కాబట్టి అలా రాశారు. మా తెర ఆ రాత్రి "62.4, ఒకటీ యాభైకి" అని చెప్పి ఉంటే నాకు అంతే చాలు.

వరదల్లోనూ ఇంతే. నది ఒడ్డున పెట్టిన గేజ్‌లు ముందు మునిగేవి, ముందు కొట్టుకుపోయేవి. మ్యాప్ మీద ఆ చుక్క చివరి అంకెతో ఆకుపచ్చగా ఉండిపోతే, అక్కడ నీళ్లు పెరగడం లేదనే అనుకుంటారు పైన కూర్చున్నవాళ్లు. ఒకే ప్రాంతంలో నాలుగైదు గేజ్‌లు ఒకేసారి మాట్లాడటం మానేశాయంటే సమాచారం లేదని కాదు. అదే పెద్ద సమాచారం. ఆ వైపు ముందు బోట్లు పంపాలి.

నిర్ణయం సంగతికి వస్తే, ఆ రాత్రి పంపు ఆపితే పోయేది ఏమిటి? మళ్లీ లైను సరిచూసి మొదలుపెట్టడానికి 20 నిమిషాలు. ఆపకపోతే పోయేది కుర్రాడి ప్రాణం. ఈ లెక్క వేయడానికి ఏ కంప్యూటరూ అక్కర్లేదు. అయినా నేను వేయలేదు, ఎందుకంటే తెర ఒకటి, మనిషి ఒకటి చెప్పినప్పుడు ఏం చేయాలో మాకు ముందుగా రాసిపెట్టిన నియమం లేదు. టెన్షన్‌లో ఉన్నప్పుడు మనిషి కొత్తగా ఆలోచించలేడు, అలవాటైనదే చేస్తాడు. నాకు అలవాటైంది తెరను నమ్మడం. రెండూ పొసగనప్పుడు ముందు ఆపు, తర్వాత తేల్చుకో అని ఒక్క వాక్యం గోడ మీద రాసి ఉంటే, ఆపినందుకు ఎవరూ సంజాయిషీ అడగరని హామీ ఉంటే, ఆ 11 నిమిషాలు పోయేవి కావు. సైరన్ నొక్కే అధికారం కూడా అలాగే ఉండాలి. ముందు చూసినవాడు నొక్కాలి, పైవాళ్లు ఫోన్ ఎత్తేదాకా ఆగే పని ఉండకూడదు.

మాక్ డ్రిల్స్ గురించి కూడా ఒక మాట. నేను పాల్గొన్న డ్రిల్స్ అన్నింటిలోనూ సెన్సర్లన్నీ బాగా పనిచేస్తున్నట్టే లెక్క. ఫలానా చోట లీకు అని ముందే రాసుకుని, అంకెలన్నీ దానికి సరిపోయేలా పెట్టుకుని, ఫొటోలు దిగి ముగించేవాళ్లం. నిజమైన ప్రమాదంలో మంటతో పాటు కేబులూ కాలుతుంది, కరెంటూ పోతుంది, నెట్‌వర్కూ పోతుంది. డ్రిల్ మధ్యలో సగం సెన్సర్లను చెప్పకుండా ఆపేసి, మిగిలిన వాటితో, రేడియోలో వచ్చే మాటలతో ఎలా నెగ్గుకొస్తారో చూడాలి. అది కష్టంగా ఉంటుంది, రిపోర్టు అందంగా రాదు. అయినా చేయాలి.

చివరగా మీ విలేకరులకు ఒక విన్నపం. ఇకమీదట ఏ కంట్రోల్ సెంటర్ చూడటానికి వెళ్లినా, అక్కడివాళ్లను అనుమతి అడిగి ఒక్క సెన్సర్ కనెక్షన్ తీసేయమనండి. చేతిలో గడియారం పెట్టుకుని తెర వైపు చూడండి. ఆ అంకె బూడిద రంగులోకి మారిందా, పక్కన "ఇన్ని నిమిషాల కిందటిది" అని పడిందా, లేక ఏమీ జరగనట్టు ఆకుపచ్చగానే ఉండిపోయిందా, మారడానికి ఎన్ని సెకన్లు పట్టింది అన్నది రాయండి. తెరలు ఎన్ని ఉన్నాయో తర్వాత రాయవచ్చు.

ఇట్లు,
రిటైర్డ్ కంట్రోల్ రూమ్ షిఫ్ట్ ఇన్‌ఛార్జ్
(పేరు ప్రచురించవద్దని మనవి)